కామా మీద చుక్క: ఇంగ్లీషు వాక్యంలో సెమికోలన్



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం రేడియోకు అంతగా పొసగేది కాదు. అది చెవికి వినబడదు, కంటికి మాత్రమే కనబడుతుంది. అందువల్ల దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తెచ్చుకొని కూర్చోండి. ఇంట్లో తొమ్మిదో, పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ళనూ పిలవండి. కాగితం మీద ముందు ఒక కామా పెట్టండి. దాని నెత్తిన ఒక చుక్క పెట్టండి. అదే సెమికోలన్. మన తెలుగు వ్యాకరణ పుస్తకాలు కొన్ని దీన్ని అర్ధబిందువు అన్నాయి. మరాఠీ మాధ్యమంలో చదివే పిల్లలకు అర్ధవిరామ్ అనే పేరుతో పరిచయం. నేను ఈ ప్రసంగంలో అందరికీ తెలిసిన సెమికోలన్ అనే మాటనే వాడతాను.

గడ్‌చాందూర్‌లోగాని, రాజురాలోగాని టైపు నేర్చుకున్నవారికి ఈ గుర్తు కొత్తది కాదు. మొదటి రోజు పాఠమే ఎడమ చేతికి ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, కుడి చేతికి సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. కుడి చేతి చిటికెన వేలు ఉండవలసిన చోటే అది. నెలల తరబడి వేలసార్లు దాన్ని కొట్టినవారు కూడా ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు ఒక్కసారైనా వాడరు. అడిగితే "ఎక్కడ పెట్టాలో తెల్వది సార్" అంటారు. తెలియనిదాన్ని పెట్టకపోవడం ఒక విధంగా మంచిదే. కాని దాని చోట కామా పెడతారు. చిక్కంతా అక్కడ వస్తుంది.

ఆ చిక్కు ఎంతటిదో నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ తెలుసుకోలేదు. నా చేతిరాతలోనే తెలుసుకున్నాను. కొన్నేళ్ళ కింద మా వాడలో ఒకాయన జబ్బుచేసి చనిపోయాడు. ఆయనకు రావలసిన డబ్బు కోసం ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమని ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. "మీరు రాస్తే మంచిగుంటది సార్" అన్నది. పేర్లు, వయసులు వేరే పట్టికలో ఉన్నాయి కనుక అర్జీలో వారసుల వరసలు మాత్రం రాస్తే చాలనుకున్నాను. నేను రాసింది ఇది: హిజ్ వైఫ్, హిజ్ మదర్, ఎ విడో, హిజ్ సన్, ఎ మైనర్, అండ్ హిజ్ డాటర్.

శ్రోతలు ఒక్కసారి వేళ్ళు మడిచి లెక్క పెట్టండి. నా లెక్కకు నలుగురు. భార్య ఒకరు. విధవరాలైన తల్లి ఒకరు. ఇంకా మైనారిటీ తీరని కొడుకు, ఆ తరువాత కూతురు. కాని కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్కపెడితే ఆరుగురు వస్తారు. భార్య, తల్లి, ఒక విధవరాలు, కొడుకు, ఒక మైనరు, కూతురు. అర్జీ తిరిగి వచ్చింది. పట్టికలో నలుగురు ఉండగా అర్జీలో ఆరుగురు ఎందుకున్నారు, ఈ విధవరాలు ఎవరు, మృతుడికి మరొక భార్య ఉన్నదా, ఉంటే ఆమె అంగీకార పత్రం ఏదీ అని అందులో ప్రశ్నలు. ఎవరో ఆమెకు ఆ కాగితం చదివి అర్థం చెప్పారు. ఆమె తిన్నగా మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "మా ఆయనకు ఇంకొకామె ఉన్నదా సార్? మీకు ఎరికేనా?" అని అడిగింది.

నేను ఆ కాగితం తీసుకొని నా వాక్యం నేనే చదువుకున్నాను. ఏమీ చెప్పలేకపోయాను. కొంతసేపటికి, తప్పు నాదేనమ్మా, కామాలది అన్నాను. కామా అంటే ఏమిటో ఆమెకు తెలియదు. అర్జీ మళ్ళీ రాసి, నేనే వెంట వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఇంకో రెండు నెలలు ఆలస్యమైంది. ఆ గుమాస్తాను నేను తప్పుపట్టను. ఆయన రాసి ఉన్నదాన్నే చదివాడు. కాగితానికి నా మనసులో ఏముందో తెలియదు కదా.

రెండోసారి నేను మాటలేవీ మార్చలేదు. హిజ్ వైఫ్ సెమికోలన్, హిజ్ మదర్ కామా ఎ విడో సెమికోలన్, హిజ్ సన్ కామా ఎ మైనర్ సెమికోలన్, అండ్ హిజ్ డాటర్ ఫుల్‌స్టాప్. రాస్తే ఇలా ఉంటుంది: హిజ్ వైఫ్; హిజ్ మదర్, ఎ విడో; హిజ్ సన్, ఎ మైనర్; అండ్ హిజ్ డాటర్. ఇప్పుడు సెమికోలన్ మనిషికీ మనిషికీ మధ్య నిలబడింది. కామా ఒకే మనిషి పేరుకూ ఆ మనిషి వివరానికీ మధ్య నిలబడింది. పెద్ద దడి ఒకటి, చిన్న దడి ఒకటి. అన్నిటికీ ఒకే దడి కడితే ఏది ఎవరి పెరడో పక్కవాడికి తెలియదు.

ఇది సెమికోలన్ చేసే రెండు ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఏదైనా జాబితా రాసేటప్పుడు, జాబితాలోని అంశాల లోపలే కామాలు ఉంటే, అంశానికీ అంశానికీ మధ్య సెమికోలన్ పెట్టాలి. లోపల కామాలు లేకపోతే అవసరం లేదు. ఉప్పు, పప్పు, చింతపండు అని సంతసరుకు రాసుకోవడానికి కామా చాలు. మనలాంటి సరిహద్దువాళ్ళకు ఈ అవసరం తరచు వస్తుంది, ఎందుకంటే మన చుట్టాలు ఒక రాష్ట్రంలో ఉండరు. వి హ్యావ్ రెలెటివ్స్ ఇన్ రాజురా, మహారాష్ట్ర; ఆసిఫాబాద్, తెలంగాణ; అండ్ జగదల్‌పూర్, ఛత్తీస్‌గఢ్. ఊరికీ రాష్ట్రానికీ మధ్య కామా, ఒక చిరునామాకూ మరొక చిరునామాకూ మధ్య సెమికోలన్. అన్నీ కామాలే పెట్టి చూడండి. మనకు తెలుసు కాబట్టి సరిపోతుంది. లండన్‌లో కూర్చున్నవాడికి రాజురా, మహారాష్ట్ర, ఆసిఫాబాద్ మూడూ మూడు ఊళ్ళే.

పిల్లలు ఈ పద్ధతిని చూడాలంటే ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లో మన రాజ్యాంగ ప్రవేశిక ముద్రించి ఉంటుంది. దాని ఇంగ్లీషు పాఠం తీసి చూడండి. అదంతా ఒకే ఒక వాక్యం. న్యాయం ఎన్ని రకాలో చెప్పినచోట రకాల మధ్య కామా ఉంటుంది. న్యాయం అయిపోయి స్వేచ్ఛ మొదలయ్యేచోట సెమికోలన్ ఉంటుంది. స్వేచ్ఛ ముగిసి సమానత్వం వచ్చేచోట మళ్ళీ సెమికోలన్. రోజూ ప్రార్థన సమయంలో చదివే పిల్లలు కూడా ఆ చుక్కలను చూసి ఉండరు. రేపు బడికి వెళ్ళాక వేలు పెట్టి చూడమని చెప్పండి.

మా వాడలో జరిగిన ముచ్చట చెప్పాను. దేశాల మధ్య కూడా ఇటువంటిది జరిగింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీ నాయకులను విచారించడానికి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ కలిసి 1945 ఆగస్టు 8న లండన్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. న్యూరెంబర్గ్ విచారణకు ఆధారం ఆ ఒప్పందంతో వచ్చిన శాసనపత్రమే. అందులో ఆరో అధికరణంలో మానవాళిపై జరిగే నేరాలను నిర్వచించారు. మొదటి భాగంలో హత్య, సమూల నాశనం, బానిసత్వం, బలవంతపు తరలింపు వంటివి ఉన్నాయి. రెండో భాగంలో మతం, జాతి, రాజకీయ కారణాలతో చేసే వేధింపులు. చివరన ఒక షరతు: ఈ న్యాయస్థానం పరిధిలోని ఏదో ఒక నేరంతో సంబంధం ఉండాలని. ఆ పరిధిలోని మిగతా నేరాలు దురాక్రమణ యుద్ధం చేయడం, యుద్ధనియమాలను ఉల్లంఘించడం.

ఇంగ్లీషు పాఠంలో ఈ రెండు భాగాల మధ్య సెమికోలన్ ఉన్నది. రష్యన్ పాఠంలో అదే చోట కామా ఉన్నది. ఏమిటి తేడా? సెమికోలన్ ఉంటే మొదటి భాగం తనంతట తాను నిలబడుతుంది. షరతు రెండో భాగానికే అంటుతుంది. అప్పుడు యుద్ధానికి ముందు జర్మనీ ప్రభుత్వం తన పౌరులనే చంపిన ఉదంతాలు కూడా, యుద్ధంతో సంబంధం చూపనక్కరలేకుండా విచారణకు రావచ్చు. కామా ఉంటే షరతు మొత్తానికీ అంటుతుంది. నాలుగు దేశాలవారు 1945 అక్టోబరు 6న బెర్లిన్‌లో కేవలం దీనికోసమే మరొక పత్రం మీద సంతకాలు చేసి, రష్యన్ పాఠమే సరైనదనీ, ఇంగ్లీషులో సెమికోలన్ తీసి కామా పెట్టాలనీ నిర్ణయించారు. 1946లో తీర్పు వచ్చినప్పుడు, 1939కి ముందు జర్మనీలో యూదుల మీద జరిగినవి ఎంత ఘోరమైనవైనా, వాటికి యుద్ధంతో సంబంధం తగినంతగా రుజువు కాలేదు కనుక వాటిని ఈ నిర్వచనం కిందికి తీసుకురాలేమని న్యాయస్థానం అన్నది. చుక్క ఒక్కటే దానికి కారణమని నేను అనను. పెద్దల ఉద్దేశాలు ముందు, చుక్కలు తరువాత. కాని ఆ ఉద్దేశాన్ని కాగితం మీదికి తేవడానికి నాలుగు ప్రభుత్వాలకు ఒక చుక్కను చెరపవలసి వచ్చింది.

ఇక రెండో పనికి వద్దాం. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ముందు మన తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో చూడండి. నాన్న పొద్దున్నే లేచి, చాయ తాగి, సైకిలెక్కి సిమెంటు ఫ్యాక్టరీకి పోయాడు. ఇందులో పనులు నాలుగు. కాని పూర్తయిన క్రియ ఒక్కటే, పోయాడు అన్నది. లేచి, తాగి, ఎక్కి అన్నవి అసమాపక క్రియలు. అవి వాక్యాన్ని ముగించవు, ముందుకు తోస్తాయి. లేచి అనగానే వినేవాడు ఊఁ కొట్టి, తరువాత ఏమిటి అని చూస్తాడు. మరాఠీ కూడా ఇంతే, ఉఠూన్, పిఊన్, బసూన్ అని సాగుతుంది. ఎన్ని పనులనైనా ఒక దారానికి గుచ్చడానికి మన భాషలకు ఈ సౌకర్యం ఉంది కనుక మధ్యలో కామా పెట్టినా, పెట్టకపోయినా వాక్యం చెదరదు.

ఇదే పిల్లవాడు ఇంగ్లీషులోకి వెళ్ళి ఇలా రాస్తాడు: ఫాదర్ గాట్ అప్ అర్లీ, హి డ్రాంక్ టీ, హి టుక్ హిజ్ సైకిల్, హి వెంట్ టు ద ఫ్యాక్టరీ. వాడి మనసులో ఇంకా లేచి, తాగి, ఎక్కి అనే దారం ఉన్నది. కాగితం మీద మాత్రం గాట్, డ్రాంక్, టుక్, వెంట్ నాలుగూ సమాపక క్రియలు. ప్రతిదానికీ హి అనే కర్త వేరుగా వచ్చి కూర్చున్నాడు. అంటే నాలుగు పూర్తి వాక్యాలు. నాలుగు పూర్తి వాక్యాలను ఉత్త కామాలతో కుడితే ఇంగ్లీషువాళ్ళు ఒప్పుకోరు. చాలా చిన్న వాక్యాలు మూడు ఒకే తూకంలో వస్తే ఎప్పుడైనా చెల్లుతుంది గాని, అది చేయి తిరిగినవాళ్ళ వ్యవహారం. బోర్డు పరీక్షలో ఆ సాహసం వద్దు.

ఇక్కడ సెమికోలన్ కూడా అక్కరలేదు. మూడు హిలను తీసేసి, చివర అండ్ పెడితే చాలు. ఫాదర్ గాట్ అప్ అర్లీ, డ్రాంక్ టీ, టుక్ హిజ్ సైకిల్ అండ్ వెంట్ టు ద ఫ్యాక్టరీ. కర్త ఒక్కడే, వాక్యం ఒక్కటే. ఇదెందుకు చెబుతున్నానంటే, సెమికోలన్ నేర్చుకున్న వారం రోజులు పిల్లలు కామా కనబడ్డ ప్రతిచోటా దాన్ని అతికిస్తారు. అన్ని పుండ్లకూ ఒకే మందు కాదు.

సెమికోలన్ అవసరమైన వాక్యం ఇలా ఉంటుంది. ఫాదర్ వెంట్ టు ద ఫ్యాక్టరీ; మదర్ వెంట్ టు పిక్ కాటన్. నాన్న ఫ్యాక్టరీకి పోయాడు, అమ్మ పత్తి ఏరడానికి పోయింది. కర్తలు ఇద్దరు, క్రియలు రెండు. దేనికదే పూర్తి వాక్యం. ఫుల్‌స్టాప్ పెట్టి విడగొట్టవచ్చు, తప్పు కాదు. కాని విడగొడితే ఒకే ఇంటి ఒకే పొద్దున జరిగిన రెండు పనులన్న సంగతి కొంచెం పలచబడుతుంది. అండ్ పెట్టి కలపవచ్చు, అదీ తప్పు కాదు. సెమికోలన్ పెడితే రెండు వాక్యాలూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి, మధ్య సంబంధాన్ని చదివేవాడు తనంతట తాను పట్టుకుంటాడు. మరొకటి చూడండి. ద వెల్ ఈజ్ డ్రై; వి బ్రింగ్ వాటర్ ఫ్రమ్ ద రివర్. బావి ఎండింది, వాగు నుంచి నీళ్ళు తెచ్చుకుంటున్నాం. అందువల్ల అనే మాట రాయలేదు, కాని వినబడుతున్నది.

నేను పిల్లలకు నేర్పే పరీక్ష చేతితో మూసి చూడడం. సెమికోలన్‌కు కుడివైపు ఉన్నదాన్ని అరచేతితో మూయండి. ఎడమవైపు ఉన్నది పైకి చదవండి. వినేవాడు ఊఁ, తరువాత అంటాడా, లేక సరే అంటాడా? సరే అంటే అది పూర్తి. ఇప్పుడు ఎడమవైపు మూసి కుడివైపు చదవండి. దానికీ సరే అంటే మీ సెమికోలన్ నిలుస్తుంది. బికాజ్ ఇట్ రెయిన్డ్, అక్కడ సెమికోలన్, ద మ్యాచ్ వాజ్ స్టాప్డ్ అని రాశాడనుకోండి. కుడివైపు మూస్తే మిగిలేది బికాజ్ ఇట్ రెయిన్డ్. వాన పడినందువల్ల అని చెప్పి ఊరుకుంటే ఎవరైనా అయితే ఏమైంది అంటారు. కనుక అక్కడ కామాయే ఉండాలి. రెండు వైపులా పూర్తి వాక్యాలే అయినా, వాటి మధ్య చుట్టరికం ఉన్నదా అని కూడా చూడాలి. సీతాఫలాలు పండాయి, మా మామ బల్లార్షాలో పని చేస్తాడు. ఈ రెంటినీ ఏ గుర్తూ కలపలేదు.

ఇప్పుడు హౌఎవర్ అనే మాట గురించి. నా అనుభవంలో పదిమందిలో తొమ్మిదిమంది తప్పేది దీని దగ్గరే. పిల్లలే కాదు, డిగ్రీలున్నవారు కూడా. హి వర్క్డ్ హార్డ్, కామా, హౌఎవర్ హి ఫెయిల్డ్ అని రాస్తారు. వాళ్ళ తర్కం నాకు అర్థమవుతుంది. తెలుగులో బాగా చదివాడు, కాని తప్పాడు అంటాం. బాగా చదివాడు, అయినా తప్పాడు అంటాం. కాని, అయినా రెండూ మనకు ఒకే చోట సరిపోతాయి. అలాగే బట్ ఉన్నచోట హౌఎవర్ కూడా సరిపోతుందనుకుంటారు. సరిపోదు. బట్ అనేది గొలుసులోని కొక్కెం. రెండు వాక్యాలను పట్టుకొని ఉంటుంది, దాని ముందు కామా చాలు. హౌఎవర్ కొక్కెం కాదు. అది రెండో వాక్యానికి వచ్చిన చుట్టం.

నమ్మకం లేకపోతే కదిపి చూడండి. హి, హౌఎవర్, ఫెయిల్డ్ అనవచ్చు. హి ఫెయిల్డ్, హౌఎవర్ అని చివర పెట్టవచ్చు. చుట్టం కనుక ఇంట్లో ఏ గదిలోనైనా కూర్చుంటాడు. బట్‌ను అలా కదపండి చూద్దాం. హి బట్ ఫెయిల్డ్ అంటే మన అర్థం రాదు. కొక్కెం తన చోటు వదిలితే గొలుసు తెగుతుంది. కనుక హి వర్క్డ్ హార్డ్ తరువాత సెమికోలన్, హౌఎవర్ తరువాత కామా: హి వర్క్డ్ హార్డ్; హౌఎవర్, హి ఫెయిల్డ్. దేర్‌ఫోర్, మోర్‌ఓవర్, నెవర్‌దిలెస్, అదర్‌వైజ్ అన్నవి కూడా ఇలా రెండు పూర్తి వాక్యాల నడుమ వస్తే ఇదే పద్ధతి. యు మస్ట్ కమ్ బై ఫైవ్; అదర్‌వైజ్, ద గేట్ విల్ బి క్లోజ్డ్.

మరాఠీ మాధ్యమంలో చదివే మన పిల్లలకు ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. ఇతర ప్రాంతాల తెలుగు పిల్లలకు ఇది రాదు. మరాఠీ వ్యాకరణంలో రెండు చిన్న వాక్యాలను పణ్ వంటి ఉభయాన్వయీ అవ్యయంతో కలిపేటప్పుడు దాని ముందు అర్ధవిరామ్ పెట్టమని నేర్పుతారు. ఢగ్ ఆలే; పణ్ పావూస్ ఆలా నాహీ. మబ్బులు వచ్చాయి, కాని వాన రాలేదు. మరాఠీలో అది సరైన పద్ధతి. ఆ అలవాటుతో వాళ్ళు ఇంగ్లీషులో కూడా ద క్లౌడ్స్ కేమ్ తరువాత సెమికోలన్ పెట్టి బట్ రాస్తారు. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో అలాంటివి కనబడతాయి కనుక ఘోరమైన తప్పని అనలేం. కాని నేటి ఇంగ్లీషులో బట్ ముందు కామాయే వాడుక. వాక్యాలు బాగా పొడవై, లోపల ఇప్పటికే కామాలు ఉన్నప్పుడు మాత్రం బట్ ముందు సెమికోలన్ పెట్టవచ్చు. ఇలా రాసిన పిల్లవాడి మీద ఎర్ర సిరా గీసేముందు ఉపాధ్యాయులు ఒకమాట గుర్తుంచుకోవాలి. వాడు చదువురాక అలా రాయలేదు, పక్క గంటలో మరాఠీ సార్ చెప్పింది శ్రద్ధగా విని రాశాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, 2000 సంవత్సరం నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు కూడా. మన పిల్లలు మూడు రకాల చుక్కలను మోస్తున్నారు.

నిజానికి ఆ మరాఠీ అర్ధవిరామ్ కూడా ఇంగ్లీషు నుంచే వచ్చింది. మోడీ లిపిలో రాసిన పాత మరాఠీ కాగితాల్లో విరామచిహ్నాలు ఉండవు, కలం ఎత్తకుండా రాసుకుంటూ పోవడమే. మరాఠీకి ఈ చిహ్నాలను అలవాటు చేసినవారిలో ముఖ్యుడు మేజర్ థామస్ కాండీ. మోల్స్‌వర్త్ నిఘంటువు పనిలో పాలుపంచుకున్న మనిషి. విరామచిహ్నాల మీద ఆయన రాసిన చిన్న పుస్తకం 1850లో వచ్చింది. మన తాళపత్రాల్లోనూ ఇంతే, మాటకూ మాటకూ మధ్య ఎడం కూడా ఉండదు. పద్యం గణాలతో తానే ఆగవలసిన చోట ఆగేది. అచ్చుయంత్రం వచ్చాకే మనకు ఈ చుక్కలు వచ్చాయి. ఇక ఈ గుర్తు పుట్టిన చోటు ఇటలీ. 1490ల్లో వెనిస్ నగరంలో ఆల్డస్ మానూషియస్ అనే ముద్రాపకుడు దీన్ని అచ్చులోకి తెచ్చాడు. గ్రీకు భాషలో మాత్రం ఇదే ఆకారం ప్రశ్నార్థకం. ఎవరి ఊళ్ళో ఎవరి లెక్క వారిది.

నేను చదువుకునే రోజుల్లో మాకు చెప్పిన సూత్రం వేరు. కామా దగ్గర ఒకటి లెక్కపెట్టు, సెమికోలన్ దగ్గర రెండు, ఫుల్‌స్టాప్ దగ్గర ఇంకా ఎక్కువ అని. ఈ సూత్రం చాలా పాతది. లిండ్లీ మర్రీ 1795లో ప్రచురించిన ఇంగ్లీషు వ్యాకరణంలో సెమికోలన్ విరామం కామాకు రెట్టింపు, కోలన్ దానికి రెట్టింపు, ఫుల్‌స్టాప్ దానికీ రెట్టింపు అని ఉన్నది. పైకి చదవడానికి అది పనికివచ్చే లెక్కే. ఈ మైకు ముందు కూర్చొని నేనూ అదే పాటిస్తున్నాను. కాని రాయడానికి అది పనికిరాదు. ఊపిరి ఒక్కొక్కరిది ఒక్కో తీరు. దమ్ము ఉన్నవాడు ఎక్కడా ఆగడు, ఆయాసం ఉన్నవాడు మూడు మాటలకొకసారి ఆగుతాడు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నేళ్ళపాటు ఈ ఊపిరి సూత్రమే నేర్పాను. ఆ విధవరాలి అర్జీ కూడా నేను ఊపిరి లెక్కనే రాశాను. పైకి చదివితే చక్కగా ఉన్నది. సెమికోలన్ పెట్టేది ఆగడానికి కాదు. ఏది ఎక్కడికి చెందుతుందో చూపడానికి.

కంప్యూటరు కోర్సులు చేస్తున్న యువకులకు ఒక ముక్క. సి, జావా వంటి ప్రోగ్రాము భాషల్లో ఆజ్ఞ ముగిసినచోట సెమికోలన్ పెడతారు, మరిస్తే ప్రోగ్రాము నడవదు. అక్కడ అది ఫుల్‌స్టాప్ చేసే పని చేస్తున్నది. ఆ అలవాటును ఉత్తరాల్లోకి తేకండి.

పోతే చిన్న చిన్న సంగతులు. సెమికోలన్ తరువాత వచ్చే మాట, మనిషి పేరో ఊరి పేరో అయితే తప్ప, చిన్న బడి అక్షరంతోనే మొదలవుతుంది. దాని ముందు ఖాళీ వదలకూడదు, తరువాత వదలాలి. డియర్ సర్ అన్నాక కామా పెట్టవచ్చు, కోలన్ పెట్టవచ్చు, సెమికోలన్ మాత్రం పెట్టకూడదు. ద ఫాలోయింగ్ అని చెప్పి జాబితా మొదలుపెట్టే ముందు కోలన్ పెట్టాలి, అంటే రెండు చుక్కలు. అక్కడ కూడా సెమికోలన్ రాదు. ఒక పేజీ ఉత్తరంలో ఒకటి రెండు చోట్ల వస్తే చాలు. నాలుగైదు వచ్చాయంటే నాకు అనుమానం వస్తుంది, రాసినవాడు నిన్ననే నేర్చుకున్నాడని.

సమయం దగ్గరపడింది. పిల్లల కాగితం మీద ఈ మాటలు రాయించండి, చుక్కలు ఏవీ పెట్టకుండా. ద మీటింగ్ వాజ్ అటెండెడ్ బై ద సర్పంచ్ ఎ ఫార్మర్ ద డాక్టర్ ఎ లేడీ ఫ్రమ్ నాగ్‌పూర్ అండ్ ద హెడ్‌మాస్టర్ హౌఎవర్ ద తహసీల్దార్ డిడ్ నాట్ కమ్. సమావేశానికి వచ్చినవారు ముగ్గురే అయ్యేట్టు ఒకసారి చుక్కలు పెట్టమనండి. ఐదుగురు అయ్యేట్టు ఇంకొకసారి పెట్టమనండి. తహసీల్దారు రెండుసార్లూ రాడు. కాని హౌఎవర్ ముందు ఏం పెట్టారో మాత్రం మీరు చూడండి.